రాట్నం ఆగిన వేసవి

ఆ వేసవిలో మా రంగులరాట్నం సీజను నడిమధ్యలో ఆగిపోయింది. మోటారు చెడిపోయి కాదు, గాలివానకు గుడారం లేచిపోయీ కాదు. మా అత్తయ్య ఆపేసింది.

మాది ఊరూరూ తిరిగే కుటుంబం. కొయ్యగుర్రాలు, ఒక ఏనుగు, ఎవరు ఎందుకు చేయించారో ఎవరికీ తెలియని ఒక బాతు, ఇవన్నీ లారీకెక్కించుకుని, బడులకు సెలవులిచ్చిన దగ్గర్నుంచి మళ్ళీ తెరిచేదాకా ఊరి తర్వాత ఊరు వెళ్తుంటాం. ఆ రెండు నెలలే మాకు ఏడాదంతా. మోటారు పని బావగారిది, అంటే మా ఆయన అన్నది. మైకు మా ఆయనది. ఆయన గొంతు వింటే అన్నం ముందున్న పిల్లలు కూడా చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తుకొస్తారు. పిల్లల్ని గుర్రాల మీద కూర్చోబెట్టి బెల్టులు బిగించడం నా పని. టికెట్ల డబ్బాలో అత్తయ్య. డబ్బాలో కూర్చున్నా, బయట నిలబడ్డా, మా ఇంట్లో ఆవిడ మాటే మాట.

ఇక పిల్లలు ఇద్దరు. నా బుజ్జిదానికి అప్పటికి ఏడో నెల. బావగారి కూతురికి ఎనిమిదేళ్ళు. దానికి మంచి పేరే పెట్టారుగానీ అందరం పిచ్చుక అనే పిలుస్తాం, నోరు ఒక్క క్షణం ఊరుకోదు కాబట్టి. వాళ్ళమ్మ పోయాక అది నా కొంగు పట్టుకునే తిరిగింది. బుజ్జిది పుట్టాక, దాన్ని ఎత్తుకునే హక్కు తనకొక్కదానికే ఉన్నట్టు ప్రవర్తించేది.

ఆ ఊళ్ళో దిగి వారం దాటి ఉంటుంది. మైదానం మంచిది, పక్కనే బడి, ఎదురుగా సైకిళ్ళ షాపు. రోజూ సాయంత్రం వరస రోడ్డుదాకా ఉండేది. ఒకరోజు పొద్దున నేను గుర్రాల మీది దుమ్ము తుడుస్తుంటే గొడుగేసుకుని ఒకావిడ వచ్చింది. భుజానికి నీలం రంగు టీకాల డబ్బా వేలాడుతోంది.

"ఇక్కడ పెద్దవాళ్ళెవరమ్మా?"

"ఆ డబ్బాలో ఉన్నావిడే," అని చూపించాను.

ఆవిడ ఊరి ఆసుపత్రిలో నర్సు. అత్తయ్య ముందు నిలబడి నేరుగా సంగతిలోకి దిగింది. పై ఊళ్ళలో పిల్లలకు తట్టు సోకుతోందట. ఇక్కడ ఇంకా ఎవరికీ లేదు. వచ్చేలోపు టీకాలు వెయ్యాలి, గదులు సిద్ధం చేసుకోవాలి.

"ఊళ్ళో పిల్లలంతా చేరేది మీ దగ్గరే. అందుకే ముందు మీ దగ్గరికే వచ్చాను పెద్దమ్మా."

అత్తయ్యకు పొద్దున్నే ఎవరైనా పని చెప్తే నచ్చదు. "రాని చుట్టానికి ఇప్పట్నుంచే వంట మొదలెట్టమంటావా తల్లీ?"

నర్సమ్మ నవ్వింది. "చుట్టమైతే కబురుపెట్టి వస్తాడు. ఇది కబురుపెట్టదు. మీరు ఏ ఊరి నుంచి వచ్చారు?"

రైలు గేటు ఉన్న ఊరి నుంచి అని చెప్పాం. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. తట్టు మొదలైంది అక్కడేనట. జ్వరంతో ఉన్న పిల్లలెవరైనా మా పిల్లల దగ్గరికి వచ్చారా అని అడిగింది. లేదన్నాం. మాకు తెలిసినంతలో అది నిజమే. టీకాల సంగతి అడిగితే బావగారు తల గోక్కున్నారు. పిచ్చుకకు ఎప్పుడు వెయ్యాలన్నా ఆ రోజుకి మేం ఇంకో ఊళ్ళో ఉండేవాళ్ళం. అలా ఒకసారి తప్పింది, ఇంకోసారి తప్పింది.

"రేపు పొద్దున ఇద్దర్నీ తీసుకురండి. చంటిదానికి ఇంకా టైముందిగానీ, జబ్బు చుట్టుపక్కల ఉన్నప్పుడు ఒక డోసు ముందుగా వేస్తాం," అని చెప్పి గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం గుడారంలో అన్నాలు తింటున్నాం. పిచ్చుక ముద్ద నోట్లో పెట్టుకుని, "పిన్నీ, తట్టొస్తే కళ్ళు ఎర్రగా అవుతాయా?" అంది.

"ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలా. సోడాబండి వాళ్ళబ్బాయికి అయ్యాయి. మనం లారీ ఎక్కే ముందు రోజు. ముక్కు కారుతోంది, ఒళ్ళు కాలిపోతోంది. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు, పాపం."

మా అందరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి. నేను బుజ్జిదాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. అప్పటిదాకా అది పిచ్చుక పక్కనే బోర్లా పడి దాని జడ నములుతోంది.

"చిన్నపిల్ల మాటలు పట్టుకుని మనం గాభరా పడకూడదు," అన్నారు బావగారు. "ఆ పిల్లాడికి మామూలు జలుబేమో. దీన్ని చూడండి, గుర్రంలా ఉంది. ఒక్క తుమ్ము కూడా లేదు."

"బయటికి పొక్కిందంటే ఊళ్ళోంచి తరిమేస్తారమ్మా," అన్నాడు మా ఆయన. "ఈ ఊళ్ళోంచే కాదు, ఇక ఏ ఊరూ రానివ్వదు."

అత్తయ్య అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. పిచ్చుకను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పి చాలాసేపు చూసింది. పిచ్చుక అదేదో ఆట అనుకుని నాలుక బయటపెట్టింది.

సాయంత్రం ఎప్పట్లాగే దీపాలు వెలిగించాం. ఎప్పట్లాగే వరస కట్టారు. అత్తయ్య మాత్రం టికెట్లు చింపడం లేదు. డబ్బాలో చేతులు ముడుచుకుని కూర్చుని వరసలోని పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే చూస్తోంది. ముందున్న పాప డబ్బా అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, "మామ్మా, నాకు బాతు కావాలి," అంది. బాతు కావాలన్న పిల్లను నేను అదే మొదటిసారి చూడటం.

అత్తయ్య లేచింది. వెనక్కెళ్ళి స్విచ్చి కట్టేసింది.

దీపాలు ఆరి, పాట ఆగిపోయేసరికి జనం గోల మొదలెట్టారు. బావగారు పరుగున వచ్చారు. "అమ్మా, మోటారు పాడైందని చెప్పేద్దాం. రేపు పొద్దున్నే సర్దుకుని పోదాం. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

"మోటారు పాడైందని చెప్తే ఈ పిల్లలకి టీకాలెవరు వేయిస్తార్రా," అని, మా ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. ఆవిడ మైకు పట్టుకోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది. అది కీచుమంది.

"బాబూ, మేం ముందున్న ఊళ్ళో తట్టు వచ్చిందట. మా మనవరాలు జబ్బు పిల్లాడితో ఆడింది. ఇప్పటికి బాగానే ఉంది. వస్తుందో రాదో మాకు తెలీదు. మీ పిల్లల్ని ఇళ్ళకి తీసుకెళ్ళండి. నర్సమ్మ చెప్పినట్టు టీకాలు వేయించండి. ఇవాళ్టికి రాట్నం లేదు."

తల్లులు పిల్లల చేతులు పట్టుకుని లాక్కుపోవడం మొదలెట్టారు. ఎదుటి సైకిల్ షాపతను మాత్రం ముందుకొచ్చాడు. ఆయన కూతురే బాతు కావాలన్న పాప.

"ఇన్నాళ్ళూ మా పిల్లల్ని ఎక్కించుకుని ఇప్పుడా చెప్పేది?"

"ఇన్నాళ్ళూ తెలీదు నాయనా. ఇవాళ మధ్యాహ్నం తెలిసింది."

"తెలిసిన మనిషివి ఊళ్ళో ఇంకా ఎందుకున్నావ్?"

బావగారు మధ్యలోకి వచ్చి రెండు చేతులూ జోడించారు. "పొద్దున్నే వెళ్ళిపోతామండీ. తెల్లారేసరికి మేం కనపడం."

"వెళ్ళకూడదు." ఎవరు కబురు చేశారో, నర్సమ్మ జనంలోంచి ఆయాసపడుతూ వచ్చింది. "వెళ్తే ఎక్కడికెళ్తారు? ఇంకో ఊరికేగా? అక్కడా పిల్లలుంటారు. ఆ పాపకి వచ్చేదైతే ఇంకొద్ది రోజుల్లో తెలుస్తుంది. అంతదాకా వీళ్ళు ఒకచోట ఉండాలి."

"ఎక్కడుంచుతావమ్మా? మీ ఇంట్లోనా?" అన్నాడు సైకిల్ షాపతను.

ఆవిడ మా గుడారాల వైపు చూసింది. గుడారాల మధ్య, జనం నడిచే దారిలో ఉండడానికి వీల్లేదు. అప్పుడు బడి గోడ పక్కనుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది. ఆయన ఆ బడి హెడ్మాస్టరు. మనవణ్ణి భుజాల మీద ఎక్కించుకుని రాట్నానికి వచ్చి, ఇంకా దించనేలేదు.

"బడికి సెలవులే కదా," అన్నారు. "ఆ చివరొక గది, ఈ చివరొక గది తెరిపిస్తాను. బెంచీలు మాత్రం విరక్కొట్టకండి, అవి ఇప్పటికే నా అంత ముసలివి."

అలా మేం బడిలో చేరాం. నర్సమ్మ మా పెద్దవాళ్ళందర్నీ నిలబెట్టి, చిన్నప్పుడు తట్టు వచ్చిందా అని అడిగింది. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదట. నలుగురికీ వచ్చినట్టే తేలింది. "నాకు బాగా వచ్చింది, లేకపోతే నేనింకా అందంగా ఉండేవాణ్ణి," అన్నాడు మా ఆయన. ఆ పరిస్థితిలో కూడా అందరం నవ్వాం.

మర్నాడు పిల్లలిద్దరికీ టీకాలు వేశారు. పిచ్చుక విషయంలో మాత్రం నర్సమ్మ దాచకుండా చెప్పింది. "ఆ పిల్లాడితో ఉండి అప్పుడే చాలా రోజులైంది. ఇది ఈసారికి అడ్డుపడుతుందని చెప్పలేను. కనిపెట్టుకుని ఉండండి." ఆ చివరి గదిలోకి పిచ్చుక, అత్తయ్య వెళ్ళారు. ఈ చివరి గదిలో నేను, బుజ్జిది. మధ్యలో బడి ఆవరణ. గిన్నెలు వేరు, బకెట్లు వేరు. థర్మామీటరు చెరొకటి.

మా ఆయన్ని మాత్రం నర్సమ్మ వదల్లేదు. "ఊరంతా తిరిగి టీకాలకి పిలవడానికి నాకో గొంతు కావాలి," అంది. ఆటోకి మా మైకు కట్టి ఆయన్ని ముందు కూర్చోబెట్టుకుంది. నిన్నటిదాకా గుర్రమెక్కమని పిలిచిన గొంతే, ఇప్పుడు సూది పొడిపించుకోమని పిలుస్తోంది. "రండి బాబూ రండి! చీమ కుట్టినంత నొప్పి, ఏనుగంత బలం!" రాట్నం మళ్ళీ తిరుగుతోందేమోనని పిల్లలు వీధుల్లోకి పరుగెత్తుకొచ్చి, ఆటోలో నర్సమ్మను చూసి అంతకంటే వేగంగా లోపలికి పారిపోయేవాళ్ళట. తల్లులు పట్టుకుని తెచ్చేవాళ్ళు. రోజూ సాయంత్రం కిటికీ అవతల నిలబడి మా ఆయన ఈ కబుర్లన్నీ చెప్తుంటే, ఆవరణ అవతలి గదిలోంచి పిచ్చుక, "బాబాయ్, ఇంకా గట్టిగా చెప్పు, నాకు వినపడట్లా!" అని అరిచేది.

ఒక పొద్దున ఆ గదిలోంచి ఏ అరుపూ రాలేదు.

బుజ్జిదానికి పాలు పడుతూ కిటికీలోంచి చూశాను. అత్తయ్య బయటికొచ్చి తడిగుడ్డ పిండి మళ్ళీ లోపలికెళ్ళింది. కాసేపటికి నర్సమ్మ వచ్చింది, ఆవిడ వెంట డాక్టరు. పిచ్చుక నోట్లోకి టార్చి వేసి చూశారట. రెండు రోజుల తర్వాత చెవుల వెనక మొదలై ఒళ్ళంతా ఎర్రగా పేలింది. వెలుగు చూస్తే కళ్ళు మండుతున్నాయని ఏడ్చేదట. ఆ గది కిటికీలకు తలుపుల్లేవు.

ఆ రోజే సైకిల్ షాపతను గేటు దగ్గరికొచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. గొడవకి వచ్చాడనే అనుకున్నాను. చంకలో మందపాటి నీలం గుడ్డ చుట్ట ఉంది, షాపు ముందు ఎండకి కట్టే గుడ్డ.

"పాపకి వెలుగు పడకూడదంటగా," అన్నాడు బావగారితో. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. "ఇది కట్టండి. మేకులు కూడా తెచ్చాను."

బావగారు ఆ గుడ్డ అందుకున్నారు. ఇద్దరూ కలిసి బయటినుంచి కిటికీలకు కొట్టారు. పని అయ్యాక ఆయన గుడ్డను ఒకసారి లాగి చూసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి గేటు దగ్గర గట్టు మీద ఏదో ఒకటి ఉంటూనే వచ్చింది. ఒకపూట పాలు, ఒకపూట ఇంకా పొగలు కక్కుతున్న అన్నం క్యారేజీ, ఒకసారి ఉతికి మడతపెట్టిన పాత దుప్పట్లు. ఎవరు పెట్టారో కనపడేది కాదు. కడిగి అక్కడే బోర్లిస్తే, ఎవరో వచ్చి తీసుకెళ్ళేవారు. అందరూ ఇలా లేరు, అదీ చెప్పాలి. బడి ముందు నడవకుండా చుట్టూ తిరిగి పోయినవాళ్ళున్నారు. మా మైకు గొంతు వినగానే తలుపులేసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ భయం వాళ్ళది. నాకూ అదే భయం కదా.

పిచ్చుకకు దగ్గు ఎక్కువై ఎగశ్వాస వచ్చిన రోజున ఆసుపత్రి జీపు వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. అత్తయ్య దాన్ని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని ఆవరణ దాటుతుంటే, నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అది ఒక్కసారి తలెత్తి, వాచిన కళ్ళతోనే నా వైపు వెతుక్కుంది. "పిన్నీ, బుజ్జిదాన్ని ఎవరికీ ఇవ్వకు," అంది. గొంతు గీరుకుపోయింది, ఆ మాట మాత్రం వినపడింది.

జీపు వెళ్ళాక ఆ సాయంత్రమే బుజ్జిది ఒళ్ళు వెచ్చబడింది.

నేను ఆ రోజు ఎలా ఉన్నానో రాయలేను. దాని చెవుల వెనక, మెడ మీద, పొట్ట మీద అంగుళం అంగుళం వెతికాను. నర్సమ్మ ఆసుపత్రినుంచి నేరుగా నా దగ్గరికొచ్చింది. పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేదు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బుజ్జిదాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసింది.

"టీకా వేశాక వారానికో, పదిరోజులకో ఇలా కాస్త వెచ్చబడటం మామూలే," అంది. "అదే అయ్యుంటుంది."

"కాకపోతే?"

"కాకపోతే నేనున్నాగా అమ్మా." అంతే అంది. నా కంచంలో మిగిలిన అన్నం అడిగి తిని, బెంచీ మీద వాలి అక్కడే కాసేపు కునుకు తీసింది. ఆవిడ అలా నిద్రపోవడం చూశాక నాకు ధైర్యం వచ్చింది. నిజంగా ప్రమాదమైతే ఈవిడ పడుకోదు కదా అనుకున్నాను.

మూడో రోజుకి బుజ్జిదాని ఒళ్ళు చల్లబడింది. దద్దురు ఒక్కటి కూడా లేవలేదు. ఆ తర్వాత నాలుగైదు రోజులకి పిచ్చుక కూడా ఆసుపత్రి నుంచి వచ్చింది. చిక్కి సగమైంది, చర్మం పొట్టులా రాలుతోంది. జీపు దిగుతూనే, "డాక్టరుగారికి ఈల వెయ్యడం రాదు పిన్నీ, నేను నేర్పించా," అని మొదలెట్టింది. బావగారు గేటు పట్టుకుని నిలబడి ఏడుస్తున్నారు. ఆయన ఏడవడం నేను చూసింది రెండుసార్లే, మొదటిది వాళ్ళావిడ పోయినప్పుడు.

ఊళ్ళో ఒక్క పిల్లకీ సోకలేదు. రాట్నం ఆపిన రోజుకి పిచ్చుక ఇంకా ఎవరికీ అంటించే స్థితిలో లేదట, ఇంకో మూడు నాలుగు సాయంత్రాలు తిప్పి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు డాక్టరు. అత్తయ్య ఆ మాట విని, "అయితే సరే," అని గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

ఇక ఫరవాలేదని ఆసుపత్రివాళ్ళు చెప్పాక, సెలవులు ఇంకా కొద్ది రోజులుండగా మళ్ళీ దీపాలు వెలిగించాం. మా ఆయన గొంతు చించుకుని పిలిచాడు. ఎవరూ రాలేదు. పాట మోగుతోంది, దీపాలు మెరుస్తున్నాయి, గుర్రాలు ఖాళీగా తిరుగుతున్నాయి. రోడ్డవతల జనం నిలబడి చూస్తున్నారేగానీ ఒక్కరూ ఇటు అడుగెయ్యడం లేదు. పిల్లలు తల్లుల చేతులు గుంజుతున్నారు.

"ఆపేద్దామా అమ్మా?" అన్నారు బావగారు నెమ్మదిగా.

అప్పుడు రోడ్డు దాటుకుంటూ నర్సమ్మ వచ్చింది. డబ్బా లేదు, గొడుగు లేదు, రెండు చేతులకీ ఇద్దరు పిల్లలు. ఆవిడకి పిల్లలున్నారని కూడా అప్పటిదాకా మేం అడగలేదు. పెద్దవాణ్ణి గుర్రం మీద, చిన్నదాన్ని ఏనుగు మీద తనే కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, నా వైపు చూసి "సరిగ్గా పెట్టానా?" అంది. నేను తలూపాను.

రాట్నం తిరిగింది. రెండో చుట్టు పూర్తయ్యేలోపు సైకిల్ షాపతని కూతురు తండ్రి చెయ్యి విడిపించుకుని పరుగెత్తుకొచ్చి బాతు ఎక్కేసింది. వెనకాలే ఆయన వచ్చాడు. ఆ తర్వాత వరస రోడ్డుదాకా వెళ్ళింది.

సెలవులు అయిపోయాయి. లారీకి అన్నీ ఎక్కించాం. బావగారు మాత్రం ఎక్కలేదు. సైకిల్ షాపతను పంపుసెట్ల రిపేరు కూడా పెడుతున్నాడట, మోటార్లు చూసే మనిషి కావాలట. హెడ్మాస్టరుగారేమో పిచ్చుకను బళ్ళో కూర్చోబెడతానన్నారు. ఎనిమిదేళ్ళొచ్చినా అది ఒక్క బళ్ళో కూడా నెల నిలవలేదు. "ఇక్కడైతే నాకు గదులన్నీ తెలుసు," అంది అది, అదొక అర్హత అయినట్టు. ఇంక మాకు ఒక ఊరంటూ ఏర్పడింది. వానల్లో పని లేనప్పుడు, ఒంట్లో బాగోనప్పుడు, ఊరికే చూడాలనిపించినప్పుడు వెళ్ళడానికి ఒక గడప ఏర్పడింది.

లారీలో అత్తయ్య కిటికీ వైపు, నేను మధ్యలో, నా ఒళ్ళో బుజ్జిది. ఊరు దాటి పొలాలు మొదలయ్యాక, అన్ని రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగాను.

"అత్తయ్యా, ఆ రోజు మీరు మైకులో చెప్పినప్పుడు, వాళ్ళు మనల్ని తరిమేసుంటే ఏం చేసేవాళ్ళం?"

"ఏం చేస్తాం? పోయేవాళ్ళం. పోవడం మనకేమన్నా కొత్తా?"

కొంగుతో బుజ్జిదాని మొహం మీద ఎండ పడకుండా అడ్డంపెట్టింది. లారీ చాలా దూరం వెళ్ళాక, నాతోనో తనతోనో తెలియకుండా అంది.

"ఉండమంటారని మాత్రం అనుకోలేదే."